పెండ్లికూతురి ముందర నడిచిన జాయ్‌స్టిక్

మా మరదలు ప్రమీల పెండ్లి వీడియో చూపిస్తామని మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే, మీకు దణ్ణం పెడతాను, పోవద్దండి. పోయినా టీ తాగి లేచి వచ్చేయండి. ఆ వీడియోలో చర్చి తలుపులు తెరుచుకుంటాయి, జనమంతా లేచి నిలబడతారు, కెమెరా తలుపు మీదికి తిరుగుతాది. పెండ్లికూతురు అడుగు పెట్టాల్సిన చోట చెమటలు కారుస్తా ఒక మగమనిషి అగుపడతాడు. ఆ మనిషిని చూసి మా చుట్టాలు ఇప్పటికీ కడుపు పట్టుకొని నవ్వుతాండారు. ఆ మనిషి నేనే. పేరు ప్రభుదాసు. సిగ్గుతో చచ్చిపోదామంటే ఎవరూ చావనియ్యలా. ఏ పెండ్లికి పోయినా పక్కన కూర్చోబెట్టుకొని, "ఆ కత ఇంగొకసారి చెప్పప్పా" అంటారు. నోరు నొప్పిబుట్టి, ఒకేసారి రాసి పారేద్దామని కూర్చున్నాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్స్. గనులు మూతబడినంక మా ఊళ్ళో సగం జనం పొద్దున్నే రైలెక్కి బెంగుళూరికి పోయి, పొద్దుగూకినంక తిరిగొచ్చి దిగుతారు. నేనూ ఆ సగంలోనే. మా వాళ్ళకు ఒక గుణం ఉండాది. ఏ వస్తువునూ పారెయ్యం. గనుల కాలంనాటి టోపీ, టార్చిలైటు, టిఫిన్ డబ్బా, అన్నీ అటక మీద భద్రంగా ఉంటాయి. ఒకదాని మూత ఇంకోదానికి, ఒకదాని ప్లగ్గు ఇంకోదానికి పెట్టి ఎట్లో నడిపించేస్తాం. "దూరిందా? ఐతే పని చేస్తాది." గనుల కూలీలకు వరసగా కట్టిన మా లైన్ ఇండ్లల్లో ఇదే ఇంజనీరింగు. నా కొంప ముంచింది ఈ చదువే.

మా అటక మీద పాతకాలం ఇంటి కంప్యూటరు ఒకటి ఉండాది. ఇప్పటి పిల్లోళ్ళు దాన్ని చూస్తే కంప్యూటరని నమ్మరు. కీబోర్డు ఒక్కటే ఉంటాది, అందులోనే అంతా ఇమిడి ఉంటాది, బొమ్మ కోసం టీవీకి తగిలించుకోవాల. గనుల్లో పని చేసిన ఆఫీసరు ఒకాయన ఊరు వదిలిపోతా మా నాయనకు ఇచ్చిపోయినాడు. చిన్నప్పుడు నేనూ, పక్కింటి విల్సనూ దాని మీద విమానాల ఆట ఆడేవాళ్ళం. నేను ఒక్కసారి గెలిచిన పాపాన పోలా. తరవాత ఆ విల్సన్ అక్కనే, శాంతిని, పెండ్లి చేసుకున్నాను. వాడు బావమరిది అయినాడు గానీ, గెలుపు మాత్రం నాకు ఇయ్యలా.

ప్రమీల వాళ్ళిద్దరికీ చెల్లెలు. పెండ్లి కుదిరింది. హోసూరులో పని చేసే విల్సన్ ఫోను చేసినాడు.

"బావా, ఆ కంప్యూటరు ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"పని చేస్తాదా?"

"చెయ్యకేం? పెండ్లికి ముందు రోజు వస్తావు కదా, రా. ఈసారి నిన్ను మట్టి కరిపించకపోతే నా పేరు ప్రభుదాసే కాదు."

ఈ అబద్ధం నా నోట్లోంచి ఎంత సుఖంగా బయటికొచ్చిందో! నిజమేమంటే, దాని జాయ్‌స్టిక్‌ను ఎలకలు ఏనాడో కొరికేసినాయి. జాయ్‌స్టిక్ అంటే, విమానాన్ని అటూ ఇటూ తిప్పే చేతికర్ర. అది లేకుంటే ఆటే లేదు. సరే, కొత్తది కొంటే పోతాది, అదేమన్నా బ్రహ్మవిద్యా అనుకొని కోలారు పోయినాను.

గడియారం స్తంభం దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ అంగడిలో అడిగినాను.

"జాయ్‌స్టిక్ ఉండాదా?"

"ఏ బండికి సార్?"

"బండికి కాదప్పా, కంప్యూటరుకు. పాతది."

"ఎంత పాతది సార్?"

"నా అంత."

అంగడాయన నన్ను కాళ్ళనుంచి తలదాకా చూసినాడు. "అంత పాతదానికి సామాను దొరకదు సార్," అని ఖచ్చితంగా చెప్పేసినాడు. కంప్యూటరును అన్నాడో నన్ను అన్నాడో ఇప్పటికీ తెలీదు. పాపం, ఉపకారి. టమోటా మార్కెట్ వెనక ఒక మెకానిక్ దగ్గర జాయ్‌స్టిక్కులు ఉంటాయని దారి చెప్పి పంపించినాడు.

ఆ మెకానిక్ లోపలికి పోయి, నా మోచేతి పొడుగుండే ఇనప లివరొకటి మోసుకొచ్చినాడు. గ్రీసు కారతాండాది.

"ఇదో సార్. మట్టి తవ్వే బండిది. ఒరిజినల్."

"నేను దీంతో విమానం నడపాలప్పా."

"విమానమా?" ఆయన లివరు కింద పెట్టి, "ఎండ జాస్తిగా ఉండాది సార్. స్వల్ప నీళ్ళు తాగుతారా?" అని కుర్చీ లాగినాడు. నీళ్ళు తాగి వచ్చేసినాను.

ఇంగొక రోజు రైల్లో వస్తా వస్తా బంగారుపేటలో దిగి, మార్కెట్ రోడ్డులో టీవీ రిపేరీ అంగడిలో అడిగితే, ఒకప్పుడు పిల్లోళ్ళు ఆడుకున్న టీవీ గేముల రిమోటు ఒకటి ఇచ్చినాడు. దాని ప్లగ్గులో తొమ్మిది రంధ్రాలు, నా కంప్యూటరుకు తొమ్మిది పిన్నులు. ఇంటికి తెచ్చి పెడితే టక్కున దూరింది. ఆహా, దూరింది! నా సంతోషం చూసి శాంతి వంటింట్లోంచి బయటికొచ్చింది. కుడివైపు నొక్కినాను, విమానం కదల్లా. ఎడమవైపు నొక్కినాను, కదల్లా. కాల్చే బటన్ నొక్కితే కంప్యూటరే బిగుసుకుపోయింది.

"దూరింది కదా, మళ్ళీ ఏం?" అనింది శాంతి.

"నాకూ అదే అర్థం కాలా."

ఇంటర్నెట్టులో పాత కంప్యూటర్ల పిచ్చోళ్ళ గుంపొకటి ఉండాది. అక్కడ పోయి ఏడిస్తే, ఒక పెద్దాయన ఫోనులో చీవాట్లు పెట్టినాడు. "మూతి ఒకటే అయినంత మాత్రాన లోపల వైర్లు ఒకటే ఉంటాయా అయ్యా? ఏ పిన్నుకు ఏ వైరో చూడకుండా దూర్చితే ఆ మిషను చస్తాది. ఇంగెప్పుడూ ఇట్లా చెయ్యొద్దు." "చెయ్యను సార్, ఒట్టు," అన్నాను. ఆయన మంచోడు. సరైన జాయ్‌స్టిక్ ఒకటి, దానికీ కంప్యూటరుకూ మధ్య తగిలించే డబ్బీ ఒకటి కొరియరులో పంపించినాడు. పెట్టగానే విమానం గిరగిరా తిరిగింది. నేనూ ఇంట్లో దాంతోపాటు తిరిగినాను. ఆయన చెప్పిన మాట మాత్రం ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయిందని మీకు కాసేపట్లో తెలుస్తాది.

ఇప్పుడు ఎస్తేరత్త గురించి చెప్పాల. చెప్పకుంటే నేను చేసింది ఎంత పాపమో మీకు తెలీదు.

మా మామ, అంటే శాంతి నాయన, గనుల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. షిఫ్టు దిగి ఇంటికొస్తా ఒక పాటను ఈల వేసుకుంటా వచ్చేవాడంట. సొంతంగా కట్టుకున్న పాట. దానికి మాటల్లేవు, రాసిపెట్టుకోనూ లేదు. ఆ ఈల వినబడితే చిన్న ప్రమీల చేతిలో అన్నం ముద్ద వదిలేసి వీధిలోకి పరిగెత్తేదంట. మామ పోయి చానా ఏండ్లయింది. పెండ్లి కుదిరినంక ప్రమీల ఒక్కటే అడిగింది. "నేను చర్చిలోకి నడిచేటప్పుడు నాయన పాట వాయించాల."

ఆ పాట తెలిసిన మనిషి ఒక్కరే మిగిలినారు, మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయించే ఎస్తేరత్త. ఒకప్పుడు మామతో కలిసి వాయించింది. ఇప్పుడు ఆమెకు చేతులు వణకతాయి. "నా వల్ల అయితాదా తల్లీ?" అని భయపడతానే, రోజూ సాయంత్రం చర్చిలో కూర్చొని ఆ పాటను వేళ్ళతో వెతుక్కుంది. పాటలు పాడే కాయిర్‌లో నేనూ ఉండేవాణ్ణి కాబట్టి నా కండ్లతో చూసినాను. ఒక్కో స్వరం దొరికినప్పుడల్లా ఆమె మొకం విప్పారేది. "ఇదే నా చివరి పెండ్లి. దీని తరవాత ఇంగ వాయించను," అని అందరికీ చెప్పేసింది.

పెండ్లి సోమవారం. శనివారం నాడు నా కంప్యూటరు కరెంటు అడాప్టరు గుయ్యిమని ప్రాణం వదిలింది. పరిగెత్తిపోయి కోలారులో ఇంగొకటి తెచ్చినాను. వోల్టులు అవే, మూతి అదే. దూరింది కూడా. కానీ దీపం వెలగలా. కంప్యూటరు వెనక చీటీ చదివితే తెలిసింది, దీనికి మాత్రం మామూలుకు తిరగేసి, ప్లగ్గు లోపల మైనస్, బయట ప్లస్ కావాలంట. తెచ్చినదేమో లోపల ప్లస్. విల్సనేమో ఆదివారం మధ్యాహ్నానికల్లా దిగుతాడు.

ఆదివారం ఆరాధనలో పాటలవాళ్ళ బెంచీలో, కీబోర్డు పక్కనే కూర్చున్నాను. అయ్యగారు ప్రసంగం చేస్తాండారు. నా కండ్లు మాత్రం ఎస్తేరత్త కీబోర్డు వెనకనున్న నల్ల అడాప్టరు మీద ఉండాయి. దాని మీదా అదే గుర్తు, లోపల మైనస్! వోల్టులూ అవే! నాకు కావలసినదాన్ని సాక్షాత్తూ దేవుడే తన ఇంట్లో పెట్టి చూపిస్తాండాడే అనిపించింది. సైతాను ఎంత తెలివైనవాడో చూడండి, దేవుని పేరు మీదనే నన్ను పట్టుకున్నాడు.

ఆరాధన అయినంక అందరూ బయటికి పోతాంటే నేను ఆగినాను.

"ఏమప్పా, ఇంటికి పోలేదా?" అనింది ఎస్తేరత్త.

"పాటల పుస్తకాలు సర్దిపెట్టి పోతానత్తా. నువ్వు పో. ఈ సాయంత్రం వాయించేకి వస్తావా?"

"లేదప్పా. రేపటికని చేతులకు ఈ పొద్దు విడుపు ఇస్తాండా," అని కీబోర్డు మీద గుడ్డ కప్పి, పసిబిడ్డను జోకొట్టినట్లు రెండుసార్లు తట్టి పోయింది. ఆ తట్టడం గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

ఆమె మెట్లు దిగిందో లేదో, అడాప్టరు పీకి జోబులో వేసుకున్నాను. ఉన్న చోటు బోసిగా ఉంటే ఎవరైనా చూస్తారని, వాపసు ఇచ్చేద్దామని జోబులో పెట్టుకొచ్చిన ఆ పనికిరాని కోలారు అడాప్టరును అక్కడ దూర్చినాను. టక్కున దూరింది. ఎంత పొందికగా దూరిందంటే, నాకే తేడా తెలీలా. సాయంత్రానికల్లా మళ్ళీ మార్చేస్తాను కదా, ఎవరికి తెలుస్తాది?

విల్సన్ వచ్చినాడు. జాయ్‌స్టిక్, మధ్య డబ్బీ, కరెంటు అడాప్టరు, అన్నిటి వైర్లూ కాళ్ళకు తగలకుండా నల్ల టేపుతో ఒకే కట్టగా చుట్టేసినాను. జాయ్‌స్టిక్ ఒక్కటే కాబట్టి వంతులేసుకొని ఆట మొదలుపెట్టినాం. ఓడిపోయినాను. "ఇంగొక్క ఆట," అన్నాను. ఓడిపోయినాను. "జాయ్‌స్టిక్ కొత్తది కదా, చేతికి అలవాటు కాలా," అన్నాను. విల్సన్ వంతులు మార్చుకుందామన్నాడు. మార్చుకొని కూడా ఓడిపోయినాను. అప్పుడు శాంతి వచ్చి టీవీ కట్టేసి, "రేపు నా చెల్లెలి పెండ్లి. పందిట్లో కుర్చీలు లేవు, వంటకు టమోటాలు రాలా, మీరిద్దరూ ఆకాశంలో విమానాలు కూల్చుకుంటాండారా?" అని మా ఇద్దర్నీ ఇంట్లోంచి తరిమింది. కుర్చీలు, టమోటాలు, పూలు. అడాప్టరు సంగతి నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

సోమవారం పొద్దున చర్చి నిండిపోయింది. పెండ్లికొడుకు ముందర నిలబడినాడు. బయట కారులో ప్రమీల, పక్కన చెయ్యి పట్టుకొని నడిపించేకి విల్సన్. అయ్యగారు తలూపినాడు. ఎస్తేరత్త కండ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసుకొని, స్విచ్చి వేసి, వేళ్ళు ఆనించింది.

చప్పుడు లేదు.

మళ్ళీ నొక్కింది. లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అడాప్టరు!

నా వెనక బెంచీలో ఇద్దరు అమ్మగార్లు గుసగుసలాడుకుంటాండారు. "వయసైపోయింది కదమ్మా, ఏదో నొక్కేసింటాది." "అవును, ఇంగ వేరేవాళ్ళకు ఇచ్చుండాల్సింది." ఆ మాట ఎస్తేరత్తకు వినబడింది. వణికే చేతులను ఒళ్ళో దాచుకొని, పక్కనున్న సంఘపెద్దతో, "నేనే ఏదో తప్పు నొక్కినానేమోనప్పా. నా చేతులే సరిగా లేవు," అనింది.

అప్పుడే లేచి "తప్పు నాది" అనుండాల. అనలా. ఇంత నవ్వులాటగా చెప్తాండాను గానీ, ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు నవ్వు రాదు. తల వంచుకొని, బెంచీల పక్క సందులోంచి దొంగ మాదిరి బయటికి జారుకున్నాను.

బండి తీసి ఇంటికి దౌడు తీసినాను. టీవీ వెనక అడాప్టరు పట్టుకొని లాగితే రాలా. నల్ల టేపు! గోళ్ళతో పీకినాను, పండ్లతో కొరికినాను, ఊహూ. చుట్టేటప్పుడు ఎంత గట్టిగా చుట్టినానో! ఇంగ టైము లేదు. కట్ట మొత్తాన్నీ పెరికి భుజాన వేసుకొని తిరిగొచ్చినాను.

పక్క తలుపు దగ్గర వంటవాళ్ళ పాత్రల బండి అడ్డంగా నిలిపినారు. పెద్ద తలుపే గతి. మెట్ల మీద ప్రమీల, విల్సన్ నిలబడి ఉండారు. ప్రమీల కండ్లలో నీళ్ళు.

"బావా, పాట రాదంట. ఏం చేసేది?"

"వస్తాదమ్మా. ఒక్క నిమిషం."

విల్సన్ నా భుజం మీది కట్టను చూసినాడు. "బావా, అది మన జాయ్‌స్టిక్ కదా?"

"గమ్మునుండరా!" అని తలుపు తోసినాను.

తలుపు కదలగానే లోపల ఎవరో "వచ్చింది, వచ్చింది" అన్నారు. అయ్యగారు చేతులెత్తినాడు. సంఘమంతా లేచి నిలబడింది. కెమెరా వాడు లైటు వేసినాడు. పూలు పట్టుకొని తలుపు పక్కన నిలబడిన చిన్నపాప ఒకతె, మొదటొచ్చినవాళ్ళ మీద చల్లమని చెప్పినారు కాబట్టి, నా మీద చల్లింది. ఆ పూలల్లో, ఆ వెలుగులో, అడాప్టరు చేతబట్టుకొని, వెనకాల జాయ్‌స్టిక్ నేల మీద టకటకా కొట్టుకుంటా రాంగా, నేను మొత్తం చర్చి పొడుగునా నడిచినాను. ఎవరూ కూర్చోలా. పెండ్లికొడుకు మొకంలో రక్తం లేదు.

కీబోర్డు దగ్గరికి పోయి, కోలారుది పీకి ఇది దూర్చినాను. ఎర్ర దీపం వెలిగింది. ఎస్తేరత్త దీపాన్ని చూసింది, అడాప్టరును చూసింది, దానికి వేలాడతాండే జాయ్‌స్టిక్‌ను చూసింది, తరవాత నన్ను చూసింది. ఆమె ముందర మైకు ఉండాదని మా ఇద్దరికీ గుర్తు లేదు.

"ఐతే నా చేతులు కాదా అప్పా?" అనింది మెల్లిగా.

ఆ గొంతు విన్నంక ఇంగ దాచేకి నా వల్ల కాలా. "కాదత్తా. నేనే. నిన్న పుస్తకాలు సర్దుతానని అబద్ధం చెప్పి అడాప్టరు ఎత్తుకుపోయినాను. ఆట ఆడుకునేకి."

మైకు ఆ మాటను నాలుగు గోడలకూ కొట్టి చెప్పింది. వెనక బెంచీ అమ్మగార్లు సహా అందరూ విన్నారు. నా భార్య కూడా వినింది; ఆమె చూపు గురించి రాయను.

ఎస్తేరత్త చేతులు ఒళ్ళోంచి పైకి తీసి, వేళ్ళు విరుచుకొని, వీపు నిటారుగా పెట్టింది.

"సరే. నీ ఆట అయిపోయిందా? ఇంగ మేము మొదలుపెట్టేదా?"

చర్చి చర్చే పగలబడి నవ్వింది. అయ్యగారు బైబిలు మొకానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు అణిగీ అణగకముందే మామ పాట మొదలైంది. తలుపు దగ్గర ప్రమీల ఒక్క క్షణం ఆగిపోయింది, తరవాత చిన్నపిల్ల మాదిరి గబగబా అడుగులేసింది. విల్సన్ ఆమెను పట్టి నిదానం చేయాల్సి వచ్చింది. ఎస్తేరత్త ఒక్క స్వరం తప్పలా. నేను కీబోర్డు పక్కనే కింద కూర్చొని, జాయ్‌స్టిక్‌ను ఒళ్ళో పెట్టుకొని, సిగ్గు లేకుండా ఏడ్చినాను.

ఆ పొద్దు నుంచి ఎస్తేరత్త చివరి పెండ్లి అన్న మాటే ఎత్తలా. "నా చేతులు బాగానే ఉండాయి, దొంగలే జాస్తి అయినారు," అని ప్రతి పెండ్లికీ వాయిస్తాండాది.

నా మట్టుకు నేను ప్రమాణం చేసినాను. ఇంగ ఈ జన్మలో ఏ ప్లగ్గునూ, దూరింది కదా అని ఏ రంధ్రంలోనూ దూర్చను. పిన్ను పిన్నూ చూస్తాను, ప్లస్ మైనస్ చదువుతాను, పెద్దవాళ్ళను అడుగుతాను. చర్చి గోడల లోపలుండే ఏ వైరునూ వేలితో కూడా తాకను. విల్సన్ ఎన్నిసార్లు పిలిచినా విమానం ఎక్కను. ఇదంతా పోయిన ఆదివారం, బైబిలు మీద చెయ్యి పెట్టి, ఎస్తేరత్త ముందర నిలబడి గంభీరంగా చెప్పినాను. ఆమె మొత్తం శ్రద్ధగా వినింది, "ఆమేన్" అనింది, అడాప్టరు పీకి తన సంచిలో వేసుకొని ఇంటికి పోయింది.